దుఃఖానికి చేతిపని

దుఃఖంలో ఉన్నవాళ్లకు "మనసు విప్పి మాట్లాడు, తేలికవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మాట పెగిలేదే అయితే మనం చెప్పేదాకా ఆగుతారా? ఘోరాన్ని తలచుకునే వేళ మెదడులో మాటను నడిపే బ్రోకా ప్రాంతం మందగిస్తుందని 1990లలోనే స్కాన్లలో కనబడింది. నోరు కదలనప్పుడు చేతులకు పని చెప్పాలి. అమెరికాలో, బెథెస్డాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి ఆవరణలో 2010లో తెరిచిన చికిత్సా కేంద్రంలో ఈ పనే చేయిస్తున్నారు. మెదడు దెబ్బతిని, తోటివాళ్లను యుద్ధంలో పోగొట్టుకుని వచ్చిన సైనికుల చేతికి రంగు వేయని ఒక ముసుగు ఇస్తారు. ఒకరు దాని పెదవులు కుట్టేస్తారు, ఒకరు సగం ముఖాన్ని పుర్రె చేస్తారు, మరొకరు చనిపోయిన మిత్రుడి గుర్తు దిద్దుతారు. 2015 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆ ముసుగులను వాటిని చేసినవాళ్లతో సహా అచ్చువేసింది. అక్కడ మందులూ, కౌన్సెలింగూ కూడా ఉన్నాయి కదా, వాళ్లకు గుణం కనిపిస్తే అదంతా ముసుగుదేనా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ముసుగే నయం చేసిందని నేననను. లోపలున్నది బయటికొచ్చి బల్లమీద కూర్చుంటే, దాన్ని వేలితో చూపించవచ్చు. మాట వచ్చేదుంటే అక్కడి నుంచే వస్తుంది.

దుఃఖానికి చేతిపని ఇవ్వడం కొత్త కనుగోలేమీ కాదు. పపువా న్యూగినీలోని న్యూ ఐర్లాండ్ దీవి ఉత్తరాన, మనిషి పోయిన నెలలకో ఏళ్లకో మలగన్ అనే తంతు జరుపుతారు. దానికోసం కొయ్యబొమ్మలూ ముసుగులూ చెక్కిస్తారు; తటనువా అనే ముసుగులు పెట్టుకుని ఆడతారు; దాంతో మైల నియమాలు తొలగిపోతాయి. అయితే ఏడ్చేవాడొకడు, చెక్కేవాడొకడు, ఆ రూపం మీద హక్కేమో ఎప్పటినుంచో ఒక వంశానిది, ఇక ఇందులో సొంత బాధ ఎక్కడుందంటారు. ఉంది. అన్ని నెలలు పందులను పెంచి, చేమదుంపలు పండించి, శిల్పికి ఇవ్వవలసింది కూడబెట్టేది ఆ ఇంటివాళ్లే కదా! ఆ పనంతా పోయినవాడి పేరు మీదే సాగుతుంది. బాధకు కొత్త రూపం కనిపెట్టాల్సిన అవసరం అందరికీ ఉండదు. సిద్ధంగా ఉన్న రూపంలో ఒదిగి ఏడవడం చాలామందికి సులువు.

తంతు ముగిశాక ఆ శిల్పాలను తగలబెట్టేవారు, లేదా కుళ్లిపోవడానికి వదిలేసేవారు. వాటిలో చాలా ఇప్పుడు యూరప్ మ్యూజియాల్లో, పురుగు పట్టకుండా అద్దాల వెనక ఉన్నాయి. ఎంత ముచ్చటగా నిలబెట్టినా నాకది తప్పుగానే తోస్తుంది. వాళ్లే అమ్మారు కదా అంటారు. నిజమే, చాలావరకు అమ్మారు. వాళ్లకు వాటితో పని తీరిపోయింది, అందుకే అమ్మగలిగారు.