అజిహ్మగము : ఒక సవరణ

పూర్వం ధనుర్వేద పరిభాషను గురించి నేను వ్రాసిన ఒక వ్యాసంలో శరభేదాలను ప్రస్తావిస్తూ, బాణాలను స్త్రీ, పుం, నపుంసక భేదంతో మూడు విధాలుగా విభజించడం కేవలం వైయాకరణుల లింగవ్యసనమనీ, దానికి ప్రయోగదశలో ఎట్టి ప్రయోజనమూ కనిపించదనీ తీర్పు చెప్పి ఉన్నాను. ఆ తీర్పు తప్పు. తప్పని నాకు తెలిసి రెండేండ్లయినది. డెబ్బది దాటిన వయస్సులో సవరణను వాయిదా వేయడం ఉచితం కాదు కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది నడిగూడెం. మునగాల సంస్థానాధీశులు నాయని వెంకట రంగారావు గారి కోట ఉన్న ఊరు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు దివానుగా పనిచేసిన సంస్థానం అంటే సాహిత్యజ్ఞులకు వేరే పరిచయం అక్కరలేదు. నా బాల్యంలో దసరా వచ్చిందంటే ఒక మేదరి వృద్ధుడు పిల్లలందరికీ వెదురు విండ్లు, అమ్ములు చేసి ఇచ్చేవాడు. అప్పటికి నాకు పాఠశాలలో అమరకోశం ద్వితీయకాండ నడుస్తున్నది. క్షత్రియవర్గంలో బాణపర్యాయాలు కొత్తగా కంఠస్థం చేసిన ఉత్సాహం. ఆయన ఒక్కొక్క పుల్లను రెండు చేతులా పట్టి, నడుమ బొటనవ్రేలు ఆనించి, కొంచెం వంచి చూసి, కొన్నింటిని పక్కన పడవేస్తూ ఉంటే నేను ఊరుకోలేక, "బాణానికి అజిహ్మగమని పేరు తాతా, అంటే వంకర పోనిది. వంగేది బాణమెట్లా అవుతుంది?" అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "వంగని పుల్ల ఎటో పోద్ది చిన్నపంతులుగారూ. ఈ వింటికి ఈ పుల్ల మొద్దు" అన్నాడు. చదువు లేనివాడి మాట అనుకొని ఇంటికి వచ్చి మా నాయనగారితో చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు.

కోదాడలో చదువుతున్న నా మనుమడు రెండేండ్ల క్రితం విలువిద్యాభ్యాసం మొదలుపెట్టాడు. ఈనాటి పోటీలలో పలువురు వాడేవి కర్బనతంతు బాణాలే అయినా, వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం మన దేశంలో ఉన్నది. వాడు చేరినది అందులో. కొని తెచ్చిన పన్నెండు బాణాలూ గురికి ఎడమగానే పోతున్నవి. నేర్పేవారు కుడికి గురిపెట్టుమన్నారట. ఇది నాకు సమాధానంగా తోచలేదు. దోషాన్ని దోషంతో కొట్టివేయడం అంకగణితంలో చెల్లుతుంది గాని శాస్త్రంలో చెల్లదు.

అప్పుడు ఇంజనీరింగు చదివిన మా అల్లుడు వివరించిన విషయమిది. నారిని విడిచినప్పుడు బాణం వెనుక కొస నారి వెంట వింటి నడిమికి వస్తుంది. ముందుభాగం మాత్రం పిడికి ఒక పక్కన ఉంటుంది. బాణం తిన్నగానే నిలిస్తే పక్కకు పోక తప్పదు. వెనుకనుండి హఠాత్తుగా నెట్టబడి అది పామువలె వంగి, పిడిని చుట్టి దాటి, ఇటూ అటూ ఊగుతూ క్రమంగా కుదుటపడి లక్ష్యరేఖలో పోతుంది. 1930ల ప్రాంతంలో అమెరికాలో హిక్‌మన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు అతివేగ ఛాయాగ్రహణంతో ఈ వంగడాన్ని ప్రత్యక్షం చేశాడు. ఆ ఊపు వింటి బలానికి సరిపోవాలి. బాణాన్ని వింటికి ఎడమ వైపున ఉంచి కుడిచేత లాగేవానికి, బిరుసెక్కువైతే ఎడమకు, తక్కువైతే కుడికి పోతుంది. మేదరి తాత బొటనవ్రేలు వెదకినది ఈ బిరుసునే.

కొలిచే పద్ధతి సులభమే. 26 అంగుళాల ఎడంతో రెండు ఆధారాలపై పుల్లను ఉంచి, నడుమ 2 పౌనుల బరువు వ్రేలాడదీసి, ఎన్ని అంగుళాలు క్రుంగినదో ఆ సంఖ్యతో 26ను భాగిస్తే వచ్చే ఫలం ఎన్ని పౌనుల వింటికి అది తగునో చెబుతుంది. రెండు పీటలు, ఇంట్లోని తూకపురాళ్ళు, పంచాంగం నుండి చించిన అట్టమీద గీసిన మిల్లీమీటర్ల గీతలు, ఇవే మా పరికరాలు. మనుమడి విల్లు 30 పౌనులది. పుల్ల సుమారు 22 మిల్లీమీటర్లు క్రుంగవలసి ఉండగా 16 మాత్రమే క్రుంగినది. అంటే 41 పౌనుల వింటికి తగిన బాణం.

ఇక శాస్త్రంవైపు చూద్దాం. వాసిష్ఠ ధనుర్వేదసంహితలోనూ శార్ఙ్గధరపద్ధతిలోనూ శరం అతిస్థూలమూ అతిసూక్ష్మమూ కారాదనీ, పక్వమై, నిండు కణుపులు కలదై, సకాలంలో కోసినదై ఉండాలనీ, పొడవు పిడికెడు తక్కువ రెండు మూరలు, లావు చిటికెనవ్రేలంత అనీ ఉన్నది. బిరుసు అనే మాట లేదు గదా అని నేను వెనుక ఆక్షేపించాను. కాని నిండు పుల్ల బిరుసు దాని వ్యాసానికి చతుర్థఘాతాన్ని అనుసరించి మారుతుంది. వ్యాసం పదింట ఒక వంతు తగ్గితే బిరుసు మూడింట ఒక వంతు పోతుంది. లావును నియమించడమంటే బిరుసును నియమించడమే.

లింగభేదం మాట. ముందు లావైనది స్త్రీ, దూరం పోతుంది. వెనుక లావైనది పురుషుడు, దృఢమైనదాన్ని భేదిస్తుంది. సమమైనది నపుంసకం, లక్ష్యాభ్యాసానికి ప్రశస్తం. వెదురు మొదట లావుగా, కొసకు సన్నగా పెరుగుతుంది. మొదలును ములికివైపు ఉంచితే స్త్రీశరం, తిప్పి ఉంచితే పుంశరం. ఒకే పుల్ల, పట్టిన తీరును బట్టి బరువు నిలిచే తావు మారుతున్నది. నపుంసకం మాత్రం గీచి చేసుకోవలసినదే. ఇది నా ఊహ, వ్యాఖ్యాతల మాట కాదు. అయినా ఇది వ్యాకరణవ్యసనం కాదనీ, వెదురు పొదను చూసినవాడు చేసిన విభాగమనీ నాకిప్పుడు నిశ్చయం.

ఇంక గీచే పని. మహాజనక జాతకంలో బాణకారుడు నిప్పుల మూకుడులో పుల్లను కాచి, కలితో తడిపి, ఒక కన్ను మూసి ఒక కంటితో చూస్తూ సరిచేస్తాడు. మా ఇంట్లో తరవాణి కుండ అంతరించి చాలా కాలమయినది గనుక మంచినీళ్ళతోనే తడిపాము. కాచడంవల్ల వంకర పోవడమే కాక తేమ వీడి పుల్ల కొంత బిరుసెక్కుతుంది. అందుచేత ముందు కాచి, ఆరిన తరువాతనే తూచి, గీయాలి. మేము మొదట తలక్రిందులుగా చేసి ఒక దినం వృథా చేశాము. గాజుపెంకుతో 8.5 మిల్లీమీటర్ల వ్యాసాన్ని 8కి తెచ్చాము. లెక్క ప్రకారం 21కి లోపలే క్రుంగవలసినది 22 క్రుంగినది. వెదురు బలమంతా పైపొరలోని నారలో ఉన్నది కాబట్టి, పెచ్చు తీసినకొద్దీ లెక్కకు మించి మెత్తబడుతుంది. ఈ సంగతి తెలియక మూడు పుల్లలను చెడగొట్టాను. కన్ను చాలక కాదు, చేయి ఆగక.

ఆ మేదరి కుటుంబంవారు ఊళ్ళోనే ఉన్నారు. ఆ పని ఎవరూ చేయడంలేదు. తాతగారి మాట చెప్పడానికి వెళ్ళాను. ఆయన మనుమరాలు విని, లోపలినుండి ఒక వంకీకత్తి తెచ్చి, దీనితోనే గీసేవాడని చూపినది. అడుగుతుందేమోనని భయపడ్డాను గాని, నేనెందుకు వచ్చానో ఆమె అడుగలేదు.

తొమ్మిది బాణాలు ఇప్పుడు గురికి దగ్గరగా పడుతున్నవి. చెడిన మూడింటినీ మనుమడు తన చెల్లెలి చిన్న వింటికి ఉంచాడు. వాటి బిరుసు 24 పౌనులకు దిగినది, ఆ వింటికి సరిపోయినది.