గాజుతొట్టిలోని మొండిపాచి

గాజుతొట్టిలో నీటిమొక్కలు నాటి చేపలను పెంచు వేడుక యిప్పుడు మన పట్టణములలో విశేషముగా వ్యాపించినది. తొట్టిని కొనుట సులభము. మొక్కలు నాటుటయు సులభమే. రెండు మూడు మాసములు గడచిన పిదప ఆకుల యంచులను, రాళ్లను, గొట్టములను నల్లని కుచ్చులవంటి పాచి పట్టుకొన్ననాడు కష్టము మొదలగును. వ్రేళ్లతో లాగిన రాదు. గోటితో గీకిన ఆకు చిరుగునేగాని పాచి యూడదు. దీనితో విసిగి తొట్టిని ఖాళీచేసి, అందులో పిల్లల బొమ్మలు సర్దుకొన్న సోదరీమణులను మేమెరుగుదుము.

మాయింట నట్లు చేయుటకు వీలు లేకపోయెను. మా అత్తగారికి ఎనుబదియేండ్లు దాటినవి. తుంటియెముక విరిగిన తరువాత ఆమె గది విడిచి రాలేకున్నారు. మంచమున కెదురుగా నున్న రెండడుగుల తొట్టియే ఆమెకు తోటయు, చెరువును, ఇరుగుపొరుగును. ఏ చేప దేనిని తరిమినదో, ఏ మొక్క క్రొత్త చిగురు వేసినదో మాకంటె ముందు ఆమెకే తెలియును. పాచి క్రమ్ముకొని మొక్కలు నల్లబడినప్పుడు, "నీ కెందు కమ్మాయీ యీ చాకిరీ? తీసి అవతల పెట్టించరాదూ?" అని ఆమెయే అన్నారు. అని, గోడవైపు తిరిగి పరుండిరి. ఆ తొట్టిని ఎట్లయినను నిలుపవలెనని మేము నిశ్చయించుకొన్నది ఆనాడే.

ఈ బాధ క్రొత్తది గాదు. 1849లో లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు 12 గ్యాలనుల గాజుపాత్రలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచెను. మొక్క విడుచు ప్రాణవాయువు చేపలకు చాలునని యాతని యూహ. ఊహ నిజమే యైనను, ముదిరిన ఆకులు కుళ్లి నీరు మురికిపడి, పాత్ర ప్రక్కలకు పచ్చని జిగురు పట్టినది. అప్పుడాతడు చెరువునత్తలను అయిదారింటిని విడువగా అవి కుళ్లును, జిగురును తిని నీటిని తేటపరచినవట. ఈ సంగతి నాతడు 1850లో ప్రకటించెను. అంతకు ముందే, 1832లో, సిసిలీ ద్వీపమున ఝాన్ విల్‌ప్రూ పవర్ అను ఫ్రెంచి వనిత జలచరములను పరీక్షించుటకు గాజుతొట్లను చేయించినది. ఆమె యౌవనమున పారిసులో కుట్టుపని చేసినదని చదివినప్పుడు మాకు మిక్కిలి ముచ్చట వేసినది.

పాచి యంతయు నొక్కటి గాదు. క్రొత్త తొట్టిలో గోధుమవన్నె పొడివలె కనబడునది చేతితో తుడిచిన పోవును. కొన్ని వారములకు దానంతట నదే తగ్గును. నీలముకలిసిన పచ్చని పొరవలె మట్టిని కప్పి, దుర్వాసనగొట్టుచు, రేకులు రేకులుగా లేచునది నిజముగా పాచియే కాదు. అది సూక్ష్మజీవుల జాతి. దానిని వీలైనంత పీల్చివేసి, నీరు మార్చి, తొట్టికి మూడు దినములు దుప్పటి కప్పి చీకటిలో నుంచిన చాలవరకు నశించును. ఇందుకై కొందరు మనుష్యులకిచ్చు మందుబిళ్లలను నీటిలో కరగించుచున్నారు. జ్వరమునకు పనికిరావలసిన మందును కాలువపాలు చేయుట మాకు సమ్మతము గాదు.

మాకు దాపురించినది నల్లగడ్డము వంటి పాచి. చూపునకు నలుపేగాని యిది ఎఱ్ఱపాచి జాతిలోనిది. ఒక కుచ్చును కత్తిరించి స్పిరిటులో నుంచిన పచ్చదనము కరగిపోయి లోపలి ఎఱుపు బయటపడును. మెల్లగా పెరుగు అనుబియాసు, జావాఫెర్ను వంటి మొక్కల ముదురాకులు దీనికి ప్రియమైన నెలవులు. కుళ్లుచున్న ఆకులు, చేపలు తినగా మిగిలిన మేత, బొగ్గుపులుసు వాయువు ఒకనాడెక్కువయు నొకనాడు తక్కువయు నగుట, వీనివలన నిది బలియునని అనుభవజ్ఞులందరు చెప్పుదురు. వెలుతురు మితిమీరిన చెప్పవలసిన పనియే లేదు. కావున పాచిని మాత్రము పీకి, దాని మేతను తొట్టిలోనే విడిచిన లాభము లేదు.

మొదట వెలుతురును సరిచేసితిమి. కిటికీ యెండ పడకుండ తెర కట్టి, దీపమునకు టైమరు తగిలించి, దినమునకు ఆరుగంటలే వెలుగునట్లు చేసితిమి. ఏ ఆరుగంటలో నిర్ణయించినవారు అత్తగారు: మధ్యాహ్నపు నిద్ర లేచిన తరువాత 3 గంటలు మొదలు రాత్రి 9 వరకు. మొక్కలకు పగలైన నేమి, రాత్రియైన నేమి, నియమము తప్పకున్న చాలును. తరువాత పాచిపట్టిన ఆకులను నిర్దాక్షిణ్యముగా కత్తిరించితిమి. మొక్క బోడియై చూచుటకు దిగులుగా నుండును గాని, పాడైన ఆకు మరల బాగుపడదు. రాళ్లను తీసి కొన్ని దినములు మండుటెండలో నారబెట్టితిమి. మేతను సగము చేసితిమి. వారమునకొకసారి నీటిలో మూడవవంతు మార్చి, అడుగునగల మడ్డిని గొట్టముతో లాగివేసితిమి. త్వరగా పెరుగు మొక్కలను గుత్తులుగా నాటితిమి. పాచికి దక్కవలసిన సారమును అవి ముందుగా పీల్చుకొనును.

మిగిలిన కుచ్చులకు మందులదుకాణములో దొరకు 3 పాళ్ల హైడ్రోజన్ పెరాక్సైడు వాడితిమి. నీటిని కదలించు యంత్రమును పదినిమిషము లాపి, సూదిలేని సిరంజితో కుచ్చులమీదనే మెల్లగా విడువవలెను. మా తొట్టిలో నీరు సుమారు 50 లీటర్లు. ఒక్కపర్యాయమునకు 10 మిల్లీలీటర్లకు మించనీయలేదు. బుడగలు లేచును. ఆ వెనుక యంత్రమును నడిపి కొంత నీరు మార్చవలెను. కొన్ని దినములకు నలుపు గులాబివన్నెకు తిరుగును. అదియే పాచి చచ్చిన గుర్తు. మోతాదు మించినచో చేపల మొప్పలు కాలును. నాచుజాతి మొక్కలు కొన్ని దీనికి తాళలేవు.

ఇచ్చట నొక హెచ్చరిక. మా కొకరు సీసాలోని పాచిమందు నంటగట్టజూచిరి. "రెండు చుక్కలు వేయండమ్మా, తెల్లవారేసరికి అద్దంలా వుంటుంది" అని యాయన బలవంతము. సీసాపై చిన్నయక్షరములను కూడబలుకుకొని చదువగా నందున్నది మైలుతుత్తము. రాగి పాచిని చంపునది నిజమే. అంతకు ముందే రొయ్యలను, నత్తలను చంపును. మేము కొనలేదు. మా పొరుగు యింటివారు కొనిరి. వారి రొయ్యలలో నొక్కటియు మిగులలేదు.

పాచి తిను జీవుల విషయమునను తొందరపడరాదు. జపానుదేశపు టకాషి అమానో, 1954లో పుట్టి 2015లో గతించినవాడు, ప్రసిద్ధికి తెచ్చిన చిన్న రొయ్యలు మిక్కిలి పనిమంతులు. వీని పిల్లలు ఉప్పుకలిసిన నీటిలోగాని బ్రతుకవు గనుక తొట్టిలో సంతతి పెరుగునను భయము లేదు. సయాము పాచితిండిచేప లేతవయసున నల్లపాచిని చక్కగా తినును. ముదిరినకొలది మనము వేయు మేతకే మరగును. పైగా జానెడు పొడవు పెరుగును. మాది చిన్నతొట్టి గనుక వలదనుకొంటిమి. నోటితో అద్దమున కతుకుకొను చారల చేపను "తొట్టి కడుగు చేప" యని యమ్ముదురు. అది అడుగునకు మించి పెరుగును. తొట్టి చాలక కొందరు దానిని కాలువలలో విడిచిపెట్టుచున్నారు. మన ఆంధ్రదేశపు చెరువులలో వలలు చింపి, జాలరుల పొట్టగొట్టుచున్న దెయ్యపు చేప యీ జాతిదే. తీసివేసిన మొక్కలనుగూడ చెరువులో గాక చెత్తలో వేయుడు.

రెండు నెలలు పట్టినది. మూడవవారమున ఏమియు మార్పు కనబడక మాకు విసుగు పుట్టినది. అయిదవవారమున అనుబియాసు నల్లమచ్చలేని ఆకును విప్పినది. అత్తగారు కళ్లద్దములు తెప్పించుకొని దానిని చాలసేపు చూచిరి. ఇప్పటికి పాచి పెద్దరాతి వెనుకప్రక్క మాత్రము కొంచెము మిగిలియున్నది. దానిని తీయబోవగా ఆమె వారించిరి. రొయ్యలు పగలెల్ల అక్కడనే చేరుచున్నవట.