నంది కనుమ దారిలో

జహీరాబాద్ నుండి నంద్యాల వెళ్లిన మేము, అక్కడి సంఘస్థులతో కలిసి నల్లమలలోని నంది కనుమ చూడబోయాము. గాజులపల్లె దాటి ఘాటు మొదలైన చోట బండి దిగి నడిచాము. ఎక్కేకొద్దీ మాటలు తగ్గి ఆయాసం హెచ్చింది.

కర్నూలు సీమ నుండి గిద్దలూరు, కంభం వైపు వెళ్లడానికి ఇది పూర్వపు దారి. అప్పట్లో ఎడ్లబండ్లే ఆధారం. 1876–78 నాటి ధాత కరువులో మేత లేక ఎడ్లు చచ్చాయి. మద్రాసు రేవులో ధాన్యం దిగినా, లోపలి తాలూకాలకు మోసుకెళ్లే బండ్లు చాలలేదు. కర్నూలు జిల్లాలో ఎందరో ఆకలితో రాలిపోయారు. ఆ తరువాతనే, మళ్లీ కరువు వస్తే గింజలు చేరాలని, 1880లలో ఈ కొండల గుండా రైలుమార్గం వేయసాగారు. దొరబావి లోయపై ఎత్తైన వంతెన కట్టారు. 1990లలో పెద్ద లైను సొరంగం గుండా వేరే దారి పట్టగా, పాత వంతెన తీసివేశారు.

వాన తప్పితే ఏమవుతుందో మన జహీరాబాద్ ఎర్రనేలల రైతులకు తెలియనిది కాదు. కరువులో ప్రార్థిస్తాము, గింజలు పంచుతాము. ఆ గింజలు చేరే దారి సంగతి మాత్రం మరచిపోతాము. ఈసారి వానలకు మీ పల్లె బాట తెగితే, పలుగూ పారా పట్టుకొని ముందుగా వెళ్లేది మన సంఘమే కావాలి.