ఇనుము లోపలి వేడి

సాతంరాయి దగ్గఱ రాజమార్గమునకు ప్రక్కగా నొక కమ్మరి కొలిమి యున్నది. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెఱవబడినది మొదలు అచ్చట పైన విమానముల మ్రోత, క్రింద సమ్మెట మ్రోత. ఆ కొలిమి యొద్ద నేను నేర్చిన పాఠమును చదువరులకు విన్నవింతును.

నేను భాషోపాధ్యాయుడను. ఒకనాడు సామాన్యశాస్త్రము చెప్పువారు సెలవులో నుండగా వారి తరగతికి బోయి, "అయస్కాంతము ఇనుము నెల్లప్పుడు నాకర్షించును" అని వ్రాయించితిని. వెనుక బల్లనుండి కమ్మరి పిల్లవాడొకడు లేచి, "సార్, బాగ ఎఱ్ఱగ కాలిన ఇనుమును అయస్కాంతం గుంజదు" అనెను. తరగతి నవ్వెను. నేనును నవ్వి, "పుస్తకమున లేని మాట లాడకుము" అని కూర్చుండబెట్టితిని. అది మొదలు వాడు తరగతిలో నోరు విప్పలేదు.

నెల దాటినపిమ్మట గడ్డపారకు మొన చేయించుటకు ఆ కొలిమికి బోతిని. వాని తండ్రి "కూసోండి సారూ" అని పీట వేసెను. గడ్డపార కాలిన తరువాత, పాత లౌడుస్పీకరునుండి తీసిన అయస్కాంతము నొకదానిని తీగకు గట్టి, ఎఱ్ఱని మొన చెంతకు జేర్చెను. అది కదలలేదు. చల్లని కొసకు జేర్చగనే గభాలున నంటుకొనెను. "పైన ఎఱ్ఱగైతె సాలదు సారూ, లోపలికి కాలాలె" అనెను.

పొగను జూచి నిప్పు నూహించుట యనుమానప్రమాణమని యిరువదేండ్లుగా బిల్లలకు జెప్పుచున్నాను. అంతకంటె సూక్ష్మమైన యనుమానము కొలిమి యొద్ద నిత్యము జరుగుచుండ నా కంట బడలేదు. సుమారు 770 డిగ్రీల వేడి దాటిన యినుము అయస్కాంతమునకు లొంగదు. పిల్లవాని మాటయే శాస్త్రము.

మఱునాడు తరగతిలో నా తప్పు నొప్పుకొంటిని. వాడు చాలసేపటికి లేచి, "లోపల ఎంత వేడి ఉన్నదో తాకకుండ తెలుస్తదా సార్?" అని యడిగెను. ఈసారి తెలిసికొని చెప్పితిని.

తీగచుట్టలో దిశ మాఱుచుండు విద్యుత్తును బంపి లోహము చెంత నుంచిన, తాకకయే లోహమున సుడులవంటి ప్రవాహములు పుట్టును. లోహము వేడెక్కిన కొలది విద్యుత్తునకు దాని నిరోధము హెచ్చును; మామూలు రాగి 100 డిగ్రీలు వేడెక్కినచో నిరోధము నూటికి సుమారు 40 వంతులు పెరుగును. సుడులు మాఱును, ఆ మార్పు తీగచుట్టలో దెలియును. విద్యుత్తు వడిగా దిశ మార్చిన సుడులు పైపొరలో నిలుచును; మెల్లగా మార్చిన లోతునకు దిగును. రాగిలో సెకనునకు 50 ఆవృత్తులైన సుమారు 9 మిల్లీమీటర్ల లోతు. 10,000 అయిన మిల్లీమీటరైన లేదు. ఇట్లు పలువేగముల బరీక్షించి పైవేడిని, లోవేడిని వేఱుపఱచి యూహింతురు.

ఈ విద్యకు మూలమైన విద్యుదయస్కాంత ప్రేరణమును 1831లో కనుగొన్న మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. 1819లో నాతడు పరిశోధించినది మన దేశపు ఉక్కు. అట్టి యుక్కునకు బేరెక్కిన నిజామాబాదు జిల్లా కోనసముద్రమునకు పూర్వము పారసీక వర్తకులు వచ్చి కొనిపోవుచుండిరి. ఈ మాట చెప్పినప్పుడు తరగతి నవ్వలేదు. వాని వైపు తిరిగి చూచెను.

చేతిపనివారి బిడ్డకు మనము ప్రవేశము నిచ్చితిమి. వాని యింటి విద్యకు మాత్ర మీయలేదు. ఆ నెల దినములు వాని మౌనమును జూచి, పిల్లవాడు మందుడనుకొంటిని. నేను చూచినది పైపొర మాత్రమే.