గోడ మూయక ముందు

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, ప్రసాదం తిని బయల్దేరితే మధ్యాహ్నానికి క్లీవ్‌లాండ్ చేరాం. రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దారి. మా మేనల్లుడు గ్రీన్‌కార్డు వచ్చాక అక్కడ ఒక వడ్రంగితో పొత్తు కలిసి పాత ఇళ్లు కొని, బాగుచేసి అమ్ముతున్నాడు. రాజమండ్రిలో ఏళ్ల తరబడి ఇళ్లు కట్టించిన వాణ్ణి కాబట్టి, నయాగరా కన్నా ముందు ఆ పని చూడాలని పట్టుబట్టాను.

తీసుకెళ్లింది స్లావిక్ విలేజ్‌కి. ఉక్కు మిల్లుల్లో పనికి వచ్చిన పోలిష్, చెక్ కుటుంబాలు కట్టుకున్న పేట అది. 1950లో తొమ్మిది లక్షలు దాటిన క్లీవ్‌లాండ్ జనాభా 2020 నాటికి 3.72 లక్షలకు పడిపోయింది. 2008 నాటి గృహరుణాల సంక్షోభంలో ఈ పేట బాగా దెబ్బతింది. వరసగా ఇళ్లు జప్తయి, ఖాళీ పడ్డాయి. ఖాళీ ఇంట్లో రాగి పైపులు దొంగలు ఊడబెరుక్కుపోతారు. మిగిలిన పైపుల్లో చలికాలం నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. 2009లో ఏర్పడిన కయహోగా ల్యాండ్ బ్యాంక్ ఇలాంటి ఇళ్లను వేల సంఖ్యలో కూల్చింది, నిలబెట్టగలిగినవాటిని బాగుచేసేవాళ్లకు అమ్ముతోంది.

మన దగ్గర పాత పెంకుటిల్లు కొంటే స్థలం కోసమే కొంటాం. కూలగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతాం. ఇక్కడ స్థలానికి పెద్ద ధర లేదు, కొత్తగా కట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఉన్న ఇంటిని బతికించడంలోనే లాభం.

మావాడూ వడ్రంగీ కొన్నది 1920ల నాటి రెండంతస్తుల చెక్క ఇల్లు. లోపల వడ్రంగి గోడ ఊడదీస్తున్నాడు. పైన సున్నపు పూత, దాని కింద వేలెడు వెడల్పు చెక్క పట్టీలు, వాటి వెనక ఖాళీ. ఆ ఖాళీలో పింగాణీ బొడిపెల మీదుగా, గుడ్డ చుట్టిన పాత కరెంటు తీగలు. గుడ్డ చాలాచోట్ల పొడిపొడిగా రాలుతోంది. ఇల్లంతా వైరింగ్ మార్చాల్సిందే. కిటికీల రంగు గీకే ముందు నేలంతా ప్లాస్టిక్ పరిచి, ఆ రంగును నీళ్లు చల్లి తడిపాడు. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగులు వాడటాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇళ్లలో డబ్బు తీసుకుని మరమ్మతు చేసేవాళ్లు శిక్షణ పొంది, ధ్రువపత్రం తీసుకుని ఉండాలి. సీసం రంగు గీకితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది.

వంటింటి బల్ల మీద వాళ్ల లెక్క చూపించాడు మేనల్లుడు. బాగుచేశాక ఇల్లు 1,60,000 డాలర్లకు అమ్ముడుపోతుందనుకుంటే, అందులో 70 శాతం 1,12,000. మరమ్మతుకు 60,000 తీసేస్తే మిగిలింది 52,000. అంతకు మించి పెట్టి ఇల్లు కొనకూడదు. ఆ మిగతా 30 శాతంలోంచే వడ్డీ, పన్ను, బీమా, ఏజెంటు కమిషన్ పోవాలి, లాభమూ అందులోంచే రావాలి. ఇల్లు అమ్ముడుపోకుండా ఉన్న ప్రతి నెలా లాభాన్ని కొరుక్కు తింటుంది.

తరవాత ఒప్పంద పత్రం చూపించాడు. పెట్టుబడి మావాడిది, పనితనం వడ్రంగిది. వడ్రంగికి వారం వారం కూలి ముడుతుంది, అది లాభంలో వాటా కింద లెక్క కాదు. ఇల్లు అమ్మాక ముందు అసలు తిరిగొస్తుంది, మిగిలింది చెరిసగం. అంచనా దాటి ఖర్చు పెట్టాలంటే ఇద్దరి సంతకాలూ పడాలి. నష్టం వస్తే ఎవరెంత భరించాలి, ఒకరు తప్పుకుంటే ఏం చెయ్యాలి అన్నదీ అందులో ఉంది.

ఆ పత్రం విలువ మర్నాడే కనబడింది. మురుగు పైపులోకి కెమెరా దించితే, పాత మట్టి గొట్టం నిండా చెట్ల వేళ్లు.

“ఆ డబ్బుతో వంటింట్లో గ్రానైట్ వేస్తే కొనేవాళ్లు ఇట్టే పడిపోతారు మావయ్యా. గొట్టం కడిగించి వదిలేస్తే కొన్నేళ్లు నడుస్తుందిగా?” అన్నాడు మావాడు.

“కొన్నేళ్లకి ఆ ఇంట్లో ఎవరుంటార్రా?” అన్నాను.

వడ్రంగి మాత్రం గొట్టం మార్చకపోతే ఖర్చు పత్రం మీద సంతకం పెట్టనన్నాడు. గంటసేపు వాదించుకున్నారు. చివరికి గ్రానైట్ మానేశారు, పాత అల్మారాలకే రంగు వేశారు, గొట్టం కొత్తది వేయించారు. గోడలు మూయక ముందే నగరపాలక తనిఖీ అధికారి వచ్చి తీగలు, పైపులు చూసి సంతకం చేశాడు. ఆ తరవాతే జిప్సం పలకలు బిగించారు.

డబ్బున్నవాడికి పైమెరుగు మీద మోజు, పని తెలిసినవాడికి లోపలి లోపం మీద దృష్టి. ఇద్దరికీ సమాన అధికారం కాగితం మీద ఉండబట్టే ఆ ఇంటికి న్యాయం జరిగింది. నోటిమాట పొత్తయితే డబ్బున్నవాడి మాటే నెగ్గేది.

మన దగ్గర నుంచి అమెరికా ఇళ్లమీద స్నేహితుల ద్వారా డబ్బు పెట్టాలనుకునేవారికి, అక్కడే ఉండి పొత్తు కలిసేవారికి నా మనవి ఒక్కటే. ఇల్లు బాగయ్యాక తీసిన ఫొటోలు చూసి మురిసిపోకండి. గోడ మూయక ముందు తీసిన ఫొటోలు అడగండి, మురుగు గొట్టం సంగతి అడగండి, పనిచేసే భాగస్వామికి ఖర్చులో ఎంత అధికారం ఉందో ఒప్పందంలో చదవండి. ఈ మూడూ చూపించలేనివాళ్లతో పొత్తు పెట్టుకోకండి.