ఒకే పెట్టెలో రెండు కాపురాలు

ఛందస్సు టపాలు ఎందుకు ఆగిపోయాయని అడిగిన వారందరికీ ఇదే నా సంజాయిషీ. అనారోగ్యమూ కాదు, బద్ధకమూ కాదు. ఒక ఆంగ్ల వాక్యానికి అన్వయం కుదుర్చుకోవడంలో రెండు నెలలు గడిచిపోయాయి.

2019లో పదవీ విరమణ చేసినప్పుడు విండోస్ 10 ఉన్న కంప్యూటరూ, తెలుగు టైపు చేసే ప్రోగ్రాము ఒకటీ కొన్నాను. ఈ బ్లాగు యూనికోడ్‌లోనే రాస్తున్నా, మా ఊరి అచ్చువారు పాత ఖతులలోనే అడిగేవారు. అందుకని తరగతిలో చెప్పిన ఛందస్సు పాఠాలన్నీ ఆ ప్రోగ్రాములో కొట్టుకున్నాను. మొత్తం 310 పుటలు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా అబ్బాయి వచ్చి, డిస్కును రెండు భాగాలు చేసి, రెండవ భాగంలో విండోస్ 11 పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు మీట నొక్కితే తెరమీద రెండు పేర్లు కనిపిస్తాయి. ఏ వాకిట్లోంచి వెళ్ళాలో మనమే చెప్పాలి. ఒకటి మేలుకొని ఉండగా రెండవది నిద్రలోనే ఉంటుంది. (11కు అబ్బాయి విడిగా లైసెన్సు కొన్నాడు. ఉన్న 10ని ఉచితంగా 11గా మార్చుకోవచ్చు గాని, ఆ ఒక్క లైసెన్సుతో రెండింటినీ పక్కపక్కన ఉంచుకోరాదట.)

నా ప్రోగ్రామును కొత్త వాకిట్లో కూడా పెట్టుకోబోయాను. కీ అడిగింది, ఇచ్చాను. "ఈ కీ ఇదివరకే మరొక కంప్యూటరులో వాడబడినది" అంది. మరొక కంప్యూటరు ఏది? బల్లమీద ఉన్నది ఒకటే పెట్టె. దాని మీద నేను వేసిన గుడ్డ కూడా ఒకటే!

మా వీధి చివర డి.టి.పి. దుకాణం నడిపే అబ్బాయి నా పూర్వ విద్యార్థి. విని నవ్వాడు. "దీనికింత ఆలోచనెందుకు మాస్టారూ? కీ అడగని కాపీ నా దగ్గరుంది, ఒక్క నిమిషంలో పెట్టేస్తాను. డబ్బిచ్చి కొన్నారు, పెట్టె ఒకటే, రెండూ ఒకేసారి నడవవు. ఇందులో తప్పేముంది?"

అతని వాదంలో నాకు లోపం కనబడలేదు. కాని తొమ్మిదో తరగతిలో పక్కవాడి వ్యాసం దింపినందుకు గంటసేపు బల్ల ఎక్కించి నిలబెట్టింది ఈ అబ్బాయినే. అతడికి గుర్తుందో లేదో తెలియదు, నాకు గుర్తుంది. "ఆగు నాయనా, ముందు ఒప్పందం చదవనీ" అన్నాను.

చదివాను. ఒక కంప్యూటరులో ఒక ప్రతిని స్థాపించుకొని వాడుకోవచ్చునని దాని సారాంశం. పండితుడికి ఇంతకంటే ఏం కావాలి! ఆ వాక్యంలో "ఒక" రెండుసార్లు ఉంది. కంప్యూటరును లెక్కిస్తే నేను నిర్దోషిని. ప్రతిని లెక్కిస్తే డిస్కులో ఈ సగాన ఒకటి, ఆ సగాన ఒకటి, అంటే రెండు. మన భాషలో ప్రతి అంటే నకలూ అవుతుంది, ఒక్కొక్కటీ అవుతుంది. నా చిక్కంతా ఆ రెండర్థాల మధ్యనే ఉందనిపించింది.

అందరి లెక్కా ఒకటి కాదు. మైక్రోసాఫ్ట్ 365 చందా మనిషిని లెక్కిస్తుంది. ఒక్కరు ఒకేసారి అయిదు పరికరాలలో వాడుకోవచ్చు. లిబ్రెఆఫీసు అసలు లెక్కే పెట్టదు, రెండు వాకిళ్ళలోనూ నిశ్చింతగా పెట్టుకున్నాను. అన్నిటికంటే నాకు నచ్చింది 1980లలో బోర్లాండ్ సంస్థ టర్బో పాస్కల్ వంటి ప్రోగ్రాములతో ఇచ్చిన ఒప్పందం. దీనిని పుస్తకంలాగా చూసుకోమన్నారు వారు. ఎందరైనా వాడవచ్చు, ఏ యంత్రానికైనా మార్చవచ్చు, ఒకే సమయంలో రెండుచోట్ల వాడే అవకాశం లేకుంటే చాలు. ఒక పుస్తకాన్ని ఇద్దరు రెండు ఊళ్ళలో ఒకేసారి చదవలేరు కదా! ఆ లెక్కన నా రెండు కాపురాలకు ఏ దోషమూ లేదు.

మన 1957 కాపీరైటు చట్టమూ తిరగేశాను. అందులో కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్య రచనలలో ఒకటి. నలభై ఏళ్ళు సాహిత్యం చెప్పినవాడికి ఇది తెలియకపోవడం విడ్డూరమే. న్యాయంగా పొందినవాడు ఏ పనికోసం పొందాడో ఆ పనికి వాడుకోవడానికి నకలు తీసుకోవచ్చునని 52వ సెక్షను అంటుంది. ఒక యంత్రంలో రెండు వ్యవస్థల సంగతి అందులో లేదు. దొంగ ప్రతి అని తెలిసీ కంప్యూటరులో వాడినవాడి మాట మాత్రం 63బిలో స్పష్టంగా ఉంది: ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభైవేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభాపేక్ష లేనప్పుడు న్యాయస్థానం జైలు లేకుండా వదలవచ్చునట. అదొక ఊరట!

కంపెనీకి ఉత్తరం రాశాను. పదకొండు రోజులకు జవాబు వచ్చింది. ఒక కీకి ఒక స్థాపన మాత్రమే, రెండవదానికి సగం ధర. ఆ అన్వయం సరికాదని నేను ఇప్పటికీ అంటాను. కాని వాక్యం వారిది, అలా చదవడానికి అందులో చోటూ ఉంది. మా అబ్బాయి సగం ధర తానే కడతానన్నాడు. నేనే వద్దన్నాను. ఒక పెట్టెను రెండని ఒప్పుకోవడానికి మనసు రాలేదు, మొండితనమే అనుకోండి.

పాత ఖతులను యూనికోడ్‌కు మార్చే పరికరాలు ప్రయత్నించాను. వత్తులు చెదిరాయి. ఛందస్సులో వత్తు జారితే ముందున్న గురువు లఘువైపోతుంది, గణమే తప్పుతుంది. అందుకని పాత వాకిట్లోంచి 310 పుటలూ అచ్చు తీసి, కొత్త వాకిట్లో మళ్ళీ కొడుతున్నాను. సాయంత్రం దుకాణం కట్టేశాక ఆ అబ్బాయి వచ్చి పైకి చదువుతున్నాడు.

"మాస్టారూ, ఆ రోజు వ్యాసం నేను దింపలేదు. వాడే నాది దింపాడు" అన్నాడు మొన్న, పుట తిప్పుతూ. ఏమనాలో తోచక, తరువాతి పాదం చదవమన్నాను.

నిన్నటికి 94 పుటలయ్యాయి. సీసపద్యం దగ్గరున్నాము.