చౌక బేరమూ వీధి కొట్టూ

గుంటూరులో నెల సరుకులకు మేము డీమార్టుకు వెళ్తుంటాము. 2002లో ముంబయిలో మొదలైన ఈ దుకాణాల పద్ధతి తేలికైనది: ఎక్కువ సరుకు కొనడం, స్వల్ప లాభానికి త్వరగా అమ్మడం. అక్కడ కందిపప్పుపై మనకు మిగిలే రూపాయలు ధర్మసమ్మతమే. అయితే ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్నచోట ఆగి గడువు తేదీ, కిలోకు పడే ధర చూసుకోవాలి. అక్కరలేనిది సగం ధరకు కొన్నా ఇస్రాఫే.

మిరప కోతల కూలి డబ్బు అందేవరకు పేద ఇళ్లకు అరువు పెట్టేది మాత్రం వీధిలోని కిరాణా కొట్టే. అది మూతపడితే నష్టపోయేది వారే. ఖుర్ఆన్ జకాత్‌కు అర్హులుగా పేర్కొన్న 8 వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారు. డీమార్టులో మిగిల్చిన సొమ్ముతో ఆ కొట్టులో ఒక కుటుంబం బాకీ కొంతైనా తీర్చవచ్చు. ఇచ్చినవారెవరో కొట్టు యజమానికి తప్ప మరొకరికి తెలియనక్కరలేదు.